పైగిన్నెలో చీటీ

ట్రంకుపెట్టె గుమ్మం దాటింది. దాని వెనకే చిలకమ్మ దాటింది.

నిన్న మొగుడి రిటైర్మెంటు ఫంక్షనుకి కట్టుకున్న ఆకుపచ్చ చీర మడతపెట్టి కొడుకు మంచం మీద పడేసింది. ఇవాళ కట్టుకున్నది మామూలు నేత చీర. తగరపువలస బస్సు ఎనిమిదింటికి.

"అమ్మా, ఆగవే. నాను ప్లాంటు బస్సు ఎక్కాల. ఈ గొడవేదో సాయంత్రం పడదాం," అన్నాడు కామరాజు. ఒక కాలికి బూటుంది. రెండో బూటు చేతిలో ఉంది.

"గొడవేటిరా? గొడవకి ఇద్దరుండాల. మీ బాబు నోరిప్పితే కదా గొడవ! నానొక్కదాన్నే ఎంతసేపని అరుస్తాను?"

చలమయ్య వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటిదాకా హార్బరులో క్రేను డ్రైవరు. ఇవాళ ఏమీ కాదు. అయినా అలవాటు చొప్పున అయిదింటికే లేచాడు. గోడ కాలెండరులోంచి నిన్నటి కాగితం చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచి అలాగే ఉన్నాడు.

"అత్తా, నిన్నటి మాట వదిలీ. మావయ్య ఏదో కంగారులో మర్సిపోనాడు," అంది కోడలు గౌరీశ్వరి. ట్రంకుపెట్టె చెవి పట్టుకుని వదల్లేదు.

"మర్సిపోనాడా? టీనీళ్లు పోసిన పోతమ్మని మర్సిపోనాడేటి? సెప్పు. మైకు కాడ నిలబడి ఏటన్నాడు? నా క్రేను ఎప్పుడూ మొరాయించనేదు, దానికి దండం అన్నాడు. యేసుదానం బావకి దండం అన్నాడు. పోతమ్మ టీకి దండం అన్నాడు. ఇంక కూకుంతాను అని కూకున్నాడు. ముందు వరసలో కుర్చీ ఏసి కూకోబెట్టినారు నన్ను. మెడలో దండ కూడా ఏసినారు. క్రేనుకున్న పాటి నాకు నేదు!"

కామరాజుకి నవ్వొచ్చింది. బూటు వేసుకుంటున్నట్టు వంగి దాచుకున్నాడు.

"నవ్వురా, నవ్వు. ఇరవయ్యెనిమిదేళ్లు కేరేజీ కట్టినాను. జొరమొచ్చినా కట్టినాను. నువ్వు పుట్టిన పదకొండో రోజుకే మళ్లా కట్టినాను. బాగుంది అన్న మాట ఆ నోట్లోంచి ఒక్కపాలి వచ్చినాదేటి? నిన్న వొస్తాదనుకున్నాను. ఆఖరి రోజు కదా, నలుగురూ ఉన్నారు కదా అనుకున్నాను. మా చెల్లి నూకాలింటికి పోతాను. అదైనా, నాను కూర వండితే తిట్టుకుంటా తింతాది గానీ మూగదానిలాగ తినదు."

అప్పుడు చలమయ్య నోరు విప్పాడు.

"రోజూ సెప్పినాను కదే," అన్నాడు.

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు.

"ఏటి సెప్పినావు? ఎప్పుడు సెప్పినావు?"

"సీటీలో."

చిలకమ్మ మొహంలో రంగు మారింది. కోపం పోయి ఇంకేదో వచ్చింది. ట్రంకుపెట్టె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. వంటింట్లో అటక కింద ఏదో ఈడుస్తున్న చప్పుడు. పాత నూనెడబ్బా ఒకటి రెండు చేతులా ఎత్తుకొచ్చి అరుగు మీద, మొగుడి కాళ్ల దగ్గర బోర్లించింది.

కాలెండరు కాగితాలు. అరచేతిలో ఇమిడే పల్చటి కాగితాలు, పసుపు పట్టినవి, చెమ్మకి అంటుకుపోయినవి. ఏ ఏడాదివి ఆ ఏడాది దారంతో కట్టి ఉన్నాయి. ఒక వైపు ఎర్ర అంకెలు, నల్ల అంకెలు. రెండో వైపు పెన్సిలు రాత.

"ఇయ్యిగో నీ వంకలు! అచ్చరం ఉన్న కాయితం పొయ్యిలో పెట్టకూడదని దాసినాను గానీ, నేకపోతే ఏనాడో తగలబెట్టీసుందును."

"వంకలేటి?" అన్నాడు చలమయ్య.

నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

*

ఈ చీటీల సంగతి యేసుదానం వల్ల మొదలైంది. అప్పటికి ఇద్దరూ కొత్తగా పనిలో చేరారు. మధ్యాహ్నం సైరను మోగగానే క్రేను నీడలో కూర్చుని కేరేజీలు విప్పేవాళ్లు. యేసుదానం గిన్నె మూత తియ్యకుండా కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించేవాడు.

"ఎవరికి బావా దండం?" అని అడిగాడు చలమయ్య ఒక రోజు.

"ఇచ్చినోడికి."

"ఇచ్చింది పొయ్యికాడ ఉంది కదా."

"నాది పైనున్నోడితో అయిపోద్ది. నీది పొయ్యికాడ ఉంటే అక్కడే సెప్పు, బావా."

చెప్పడం చలమయ్య వల్ల కాదు. చిన్నప్పటి నుంచీ ఆయనకి మాట గొంతు దాటి వచ్చేది కాదు. బడికి వెళ్లింది మూడో తరగతి వరకే. కానీ అక్షరాలు కూడబలుక్కుని రాయగలడు. లోడు లెక్క రాసే గుమాస్తా పారేసిన పెన్సిలు ముక్క దొరికింది. కాగితం కోసం వెతికితే జేబులో పొద్దున్న చింపిన కాలెండరు ముక్క ఉంది. ఆ వెనక రెండు ముక్కలు రాసి, తిని కడిగిన కేరేజీ పైగిన్నెలో పెట్టి మూత వేశాడు. ఇంటికెళ్లి కేరేజీ కుళాయి దగ్గర పెట్టేవాడు. చిలకమ్మ తోముకోడానికి మూత తీస్తుంది, చదువుకుంటుంది. అది ఆయన లెక్క.

అలా మొదలైంది ఆగలేదు. ఓడ మీద ఓడ వచ్చి, రెండు షిఫ్టులు ఏకంగా లాగిన రోజున కూడా సైరను తర్వాత ఒక్క నిమిషం ఆ కాగితానికి ఉండేది. ఆ ఒక్క నిమిషం కోసం పొద్దున్నుంచి ఏది బాగుందా అని చూసుకునేవాడు. క్రేను పైన కూర్చుని ఉండగా తట్టేది, ఆ, ఇది రాయాలి అని. ఎప్పుడూ నిన్నటి తారీఖు మీదే పడేది ఆయన మెప్పు. ఒక రోజు ఆలస్యంగా.

ఆ చీటీ సంగతి చిలకమ్మ ఎన్నడూ ఎత్తలేదు. ఆయనకీ అదే బాగుంది. మాటలు లేకుండా అయిపోతోంది కదా అనుకున్నాడు.

*

గౌరీశ్వరి అరుగు మీద చతికిలబడి ఒక కట్ట దారం విప్పింది. ఈ ఇంటికొచ్చి రెండేళ్లయినా కేరేజీ తాకనిచ్చేది కాదు అత్త. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఒక కాగితం వెలుగులో పెట్టి చదివింది.

"గొడుగు తెచ్చినావు. గేటుకాడ తడిసినావు. నాను ఏటీ అననేదు. అందుకు రాస్తన్నాను."

ఆ పిల్ల ఇంకోటి తీసింది.

"నిన్న నెత్తళ్ల పులుసు బాగుంది. యేసుదానం బావ నా గిన్నెలో సెయ్యెట్టినాడు. ఇయ్యనేదు."

కామరాజు ఈసారి దాచుకోలేదు, పైకే నవ్వేశాడు. చిలకమ్మ నవ్వలేదు.

"సాల్లేవే. మావని కాయడానికి కట్టుకతలు సెప్తన్నావు. పొద్దున్నుంచీ ట్రంకుపెట్టె వదల్నిదానివి, నువ్వు నిజం సదువుతావేటి?"

"అత్తా, ఒట్టు. ఇలాగే ఉంది. నీ కొడుకుని సదవమను."

"ఆడు ఆ బాబుకి పుట్టినోడే కదా. పంతులమ్మని పిలు. ఆవిడే సదివింది మొదటిది. ఆవిడ అబద్దమాడదు."

ఎదురింట్లోంచి కృపావతి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. యేసుదానం భార్య ఆవిడ. ముప్పయ్యేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడికి బయల్దేరుతూ ఈ గొడవ విని ఆగిపోయింది. జ్ఞానాపురంలో గోడలు ఎంత దగ్గరంటే విననట్టు ఉండటం కష్టం. చేతిసంచీ అరుగు మీద పెట్టి, కళ్లజోడు తీసి పెట్టుకుంది.

"మొదటిది కావాల," అంది చిలకమ్మ. కట్టల్లో వెతకలేదు. అన్నిటికన్నా అడుగున విడిగా మడతపెట్టి ఉన్న కాగితం సూటిగా తీసి ఇచ్చింది.

కృపావతి తిప్పి చూసింది. "యాభైనాలుగు మార్చి. నాకు జ్ఞాపకమే. మా పెళ్లై నెలో రెండు నెలలో. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు, పంతులమ్మా ఏటి రాసినాడు సూడవా అని. ఎంత సంబరంగా వచ్చావో."

"సదువు."

"ఉప్పు ఎక్కువైనాది."

"ఇన్నావా!" చిలకమ్మ కోడలి వైపు తిరిగింది. "పెళ్లైన నెలకి, కేరేజీ కట్టడం మొదలెట్టిన కొత్తలో. సిగ్గుతో సచ్చిపోనాను. ఇంకెవుర్ని సదవమంటాను? రోజూ వొచ్చేది సీటీ. ఇయ్యాల ఏ వంకో అనుకునేదాన్ని. మర్నాడు సింతపండు తగ్గించేదాన్ని. మళ్లా సీటీ వొచ్చేది. సరే మళ్లా పెంచేదాన్ని. కారం మార్సినాను. బియ్యం మార్సినాను. ఆఖరికి కుండ మార్సినాను. ఏటి సేసినా సీటీ ఆగనేదు!"

కృపావతి ఆ కాగితం ఇంకా పట్టుకునే ఉంది.

"చిలకమ్మా, ఆ రోజు నువ్వు ఈ ఒక్క ముక్క విని నా చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయావు. కింద ఇంకా ఉంది. మర్నాడు చెబుదామనుకున్నాను. బళ్లో ఇన్‌స్పెక్షను వచ్చింది, మరిచిపోయాను. తప్పు నాది."

"ఏటుంది?"

"అయినా ఒగ్గనేదు, అంతా తిన్నాను. నాకు ఇదివరకు కేరేజీ కట్టినోళ్లు నేరు."

వీధిలో చేపలమ్మి అరుచుకుంటూ పోయింది. జాలరిపేట నుంచి రోజూ వచ్చే మనిషి. ఈ అరుగు దగ్గర ఎప్పుడూ తట్ట దించుతుంది. ఇవాళ నలుగురి మొహాలూ చూసి దించకుండా పోయింది.

కృపావతి ఒకటి తర్వాత ఒకటి చదువుతూ పోయింది. మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు, ఏ మాటా మింగకుండా చదివింది. ఒక కాగితం దగ్గర మాత్రం ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"కొడుకంట. అందరూ కొడుకు కొడుకు అంతన్నారు. నువ్వు బతికినావు. నాకు అది సాలు."

కామరాజు చేతిలో బూటు కింద పెట్టేశాడు. ప్లాంటు బస్సు మూల తిరిగి హారను కొట్టింది, ఆగింది, మళ్లీ కొట్టి వెళ్లిపోయింది.

చలమయ్య తల ఎత్తలేదు. ఒంటి మీద చొక్కా లాగేసి నలుగురిలో నిలబెట్టినట్టుంది ఆయనకి. కానీ లోపల ఒక మూల నెమ్మదిగా కూడా ఉంది. ఇక ఫరవాలేదు, తెలిసిపోయింది కదా. ట్రంకుపెట్టె లోపలికి తీసుకురావచ్చు అనుకుని లేచాడు. దాని చెవి మీద చెయ్యి వేశాడు.

"వదులు," అంది చిలకమ్మ.

ఆయన వదల్లేదు.

"ఇన్నాను. బాగా రాసినావు. పంతులమ్మ సదివింది కాబట్టి నమ్మినాను." ఆవిడ గొంతులో ఇందాకటి అరుపు లేదు. అరుపు ఉంటేనే బాగుండుననిపించింది చలమయ్యకి. "ఒక్క మాట సెప్పు. నాకు సదువు రాదని నీకు తెల్దా?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు.

"మీయోళ్లు రెండో కిలాసు సదివింది అన్నారు," అన్నాడు.

"మా అయ్య సంబంధం తప్పిపోద్దని అన్నాడు. అది పెళ్లినాటి మాట. తరవాత? ఒక్క గదిలో ఉన్నాం. ఉత్తరమొస్తే నువ్వొచ్చినదాకా సూరులో ఎట్టేదాన్ని. సినిమాకెళ్తే పేరు నిన్నడిగేదాన్ని. బస్సు వొస్తే ఏ ఊరిదని పక్కోళ్లని అడిగేదాన్ని. రేషను షాపులో సంతకం ఎట్టేదాన్ని, ఆ నాలుగచ్చరాలూ నూకాలు బొమ్మల్లాగ నేర్పింది. సీటీ ఎట్టినావు గానీ, సదువుతున్నానో నేదో ఒక్కపాలి నా మొకం సూసినావేటి?"

చలమయ్య కేరేజీ కుళాయి దగ్గర పెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయేవాడు. ఎప్పుడూ. మూత తీసినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో ఆయనకి తెలీదు.

"రాసుకున్నది నీకోసం," అంది చిలకమ్మ.

ట్రంకుపెట్టె లాక్కుంది. కామరాజు అందుకోబోతే, "నాను మొయ్యగల్ను. బరువేటి? ఇన్నేళ్లకీ నాలుగు సీరలు," అని నెత్తికెత్తుకుంది. వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు.

*

తొమ్మిదింటికి చలమయ్య వంటింట్లోకి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం గౌరీశ్వరి చూడటం అదే మొదలు. చేతిలో కాగితం పొట్లం. చేపలమ్మి వెనక రెండు వీధులు నడిచి తెచ్చిన నెత్తళ్లు.

"ఇలాగియ్యి మావయ్యా, నాను సేసిస్తాను."

"నువ్వు తప్పుకో అమ్మా."

"పులుసుకి సింతపండు ముందు నానబెట్టాల."

"ఎక్కడుంది?"

చింతపండు ఎక్కడుందో చూపించింది. కారం ఎక్కడుందో చూపించింది. ఉప్పు జాడీ ఎదురుగానే ఉన్నా అది కూడా చూపించాల్సి వచ్చింది. పొయ్యి ఊదీ ఊదీ ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యి కాలింది. ఉప్పు వేసి, కాసేపటికి వేశానో లేదో గుర్తుకి రాక మళ్లీ వేశాడు.

"ఏటి బావా, క్రేను దిగి పొయ్యి ఎక్కినావా?" అని కిటికీలోంచి కేక వేశాడు యేసుదానం. ఎప్పుడూ వచ్చే నవ్వు ఇవాళ ఆయనకీ పూర్తిగా రాలేదు.

చలమయ్య అన్నం కింది గిన్నెలో పెట్టాడు. పులుసు మధ్య గిన్నెలో పోశాడు. పైగిన్నె ఖాళీగా ఉంది. జేబులోంచి నిన్నటి కాలెండరు కాగితం, పెన్సిలు ముక్క తీశాడు. అలవాటు ఆ చేతిది. రాయడానికి వంగి, ఆగిపోయాడు. కాగితం మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. పైగిన్నె ఖాళీగానే అమర్చి మూత వేశాడు.

*

తగరపువలసలో నూకాలు ఇల్లు సంత వెనక సందులో. ఆయన చేరేసరికి రెండు దాటింది. నూకాలు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. చిలకమ్మ గోడకి చేరబడి కూర్చుని ఉంది. పక్కనే ట్రంకుపెట్టె. దానికి కట్టిన తాడు ఇంకా విప్పలేదు.

"ఓలమ్మో, బావగారే! దారి తెలిసిందా బాబూ? మీ పెళ్లైనాక ఈ గడప తొక్కడం ఇది మూడోపాలి. ఏ క్రేనెక్కి వచ్చినావు?" అంది నూకాలు.

చలమయ్య చెప్పులు విప్పాడు. కేరేజీ తీసుకెళ్లి భార్య ముందు పెట్టి, తనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. లోపలికి వెళ్లిపోలేదు.

"ఏటిది?" అంది చిలకమ్మ.

"కేరేజీ."

"ఎవులు కట్టినారు?"

"నాను."

నూకాలు చెయ్యి మిరపకాయల మీదే ఆగిపోయింది.

చిలకమ్మ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత క్లిప్పు తీసి, ముందు పైగిన్నె మూతే తెరిచింది. లోపలికి చూసింది. ఆయన ఆవిడ మొహం చూస్తున్నాడు. ఖాళీ గిన్నె చూసినప్పుడు కనురెప్పలు ఒక్కసారి కొట్టుకున్నాయి. ఇన్నేళ్లూ మూత తీసిన ప్రతిసారీ అలాగే కొట్టుకునేవేమో.

"సీటీ ఏది?"

"రాయనేదు."

ఆవిడ మధ్య గిన్నె తీసింది. అన్నంలో పులుసు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నూకాలు మెడ చాపి చూస్తోంది.

"ఉప్పు ఎక్కువైనాది," అంది చిలకమ్మ.

ఆ మాట తనదే. తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఇంకో మాట కూడా వస్తుందేమోనని చూశాడు చలమయ్య. రాలేదు. కానీ ఆవిడ రెండో ముద్ద కలిపింది. మూడోది కలిపింది.

"సీటీ రాయనప్పుడు ఇంత దూరం ఎందుకొచ్చినావు?"

"సెప్దామని."

"అయితే సెప్పు. అయిదింటికి ఆఖరి బస్సు. ట్రంకుపెట్టె నాను ఇంకా ఇప్పనేదు. ఇప్పాలో వొద్దో నువ్వు సెప్పేదాన్ని బట్టుంటాది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెయ్యి తనంతట తనే చొక్కా జేబు మీదకి పోయింది. అక్కడ పెన్సిలు ముక్క తగిలింది. చెయ్యి వెనక్కి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

సంతలో ఎవరో వేలంపాట పాడుతున్నారు. సందులోంచి ఎడ్లబండి పోయింది. అది పోయి, చక్రాల చప్పుడు కూడా పోయేదాకా ఆయనకి నోరు పెగల్లేదు.

"చిలకా," అన్నాడు.

పెళ్లైన నాటి నుంచి 'ఒలే' తప్ప వేరే పిలుపు లేదు ఆ ఇంట్లో. నూకాలు లేచి, మిరపకాయల చేట అక్కడే వదిలేసి, చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి వెళ్లిపోయింది.

చిలకమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. తర్వాతి మాట కోసం ఆయన పెదాలు కదులుతున్నాయి, రావడం లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. ముద్ద అలాగే పట్టుకుని, ఆయన మొహమే చూస్తూ కూర్చుంది.